ఫ్రిస్కోలో పట్టుకున్నవాణ్ణి డాలస్ జైల్లో వెతికితే దొరకడు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: మీ అక్కయ్యగారి అబ్బాయి టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ముగ్గురు స్నేహితులతో కలిసి ఉంటున్నాడు. శుక్రవారం రాత్రి ఆ ఊళ్ళోనే పోలీసులు కారు ఆపి తీసుకెళ్ళారని గదిలోని కుర్రాడు ఫోను చేశాడు. ఆ తర్వాత మీవాడి నుంచి కబురు లేదు. మీరు విజయవాడలో శనివారం ఉదయం తొమ్మిదింటికి డాలస్ కౌంటీ షెరీఫ్ (మన జిల్లా ఎస్పీ లాంటి అధికారి) వెబ్‌సైటులో పేరు కొట్టి చూశారు, రాలేదు. రాష్ట్ర ప్రిజన్ల శాఖ సైటులోనూ లేదు. "రికార్డుల్లో లేడంటే అసలు తీసుకెళ్ళింది పోలీసులేనా?" అని అక్కయ్యగారు అన్నం మానేసి కూర్చున్నారు.

ముందు ఆవిడ చేత రెండు ముద్దలు తినిపించండి. నేను డాలస్ ప్రాంతంలో పదిహేడేళ్ళుగా క్రిమినల్ కేసులు చూసే ఒక లాయరు ఆఫీసులో పనిచేస్తున్నాను. లాయరును కాను, కాగితాలు వెతికి తెచ్చే మనిషిని. మనవాళ్ళ ఇళ్ళ నుంచి ఇలాంటి ఫోన్లు తరచూ వస్తూనే ఉంటాయి. పేరు దొరకలేదని ఏడ్చినవాళ్ళలో చాలామంది వెతికిన చోటు తప్పు, కాకపోతే వెతికిన పేరు తప్పు. మనిషి మాత్రం క్షేమంగా ఏదో ఒక జైలు గదిలో కూర్చునే ఉంటాడు.

చోటు సంగతి ముందు. మనవాళ్ళ నోట "డాలస్" అంటే ఒక ఊరు కాదు, కనీసం నాలుగు కౌంటీలు. డాలస్ నగరం చాలావరకు, అర్వింగ్ ఊరు డాలస్ కౌంటీలోకి వస్తాయి. ప్లేనో దాదాపు అంతా కాలిన్ కౌంటీ. ఫోర్ట్‌వర్త్ వైపు వెళ్తే ట్యారంట్ కౌంటీ. మీవాడు ఉండే ఫ్రిస్కో రెండు కౌంటీల మీద కాళ్ళు చాపుకుని ఉన్న ఊరు: తూర్పు భాగం కాలిన్, పడమటి భాగం డెంటన్. మన విద్యార్థులు ఎక్కువగా ఉండే రిచర్డ్‌సన్‌దీ అదే తీరు, కొంత డాలస్‌లో, కొంత కాలిన్‌లో. ఇక్కడ లెక్కలోకి వచ్చేది మీవాడి ఇంటి చిరునామా కాదు, కారు ఆపిన చోటు. అది ఫ్రిస్కో తూర్పున అయితే మెకిన్నీలోని కాలిన్ కౌంటీ జైలు, పడమర అయితే డెంటన్ ఊళ్ళోని ఆ కౌంటీ జైలు. రెండింట్లోనూ వెతకండి. డాలస్ కౌంటీ సైటును ఇక మూసేయవచ్చు.

మీరు చూసిన రెండో సైటు, అంటే రాష్ట్ర ప్రిజన్ల శాఖది, అసలు ఈ పనికి సంబంధించినదే కాదు. మనకు రెండూ జైళ్ళే కాబట్టి ఈ తికమక సహజం. అమెరికాలో శిక్ష పడి సంవత్సరాల తరబడి ఉండేవాళ్ళ చోటు ప్రిజన్, అది రాష్ట్రానిదో కేంద్రానిదో అవుతుంది. నిన్న రాత్రి పట్టుకున్నవాణ్ణి, విచారణకు ఎదురుచూసేవాణ్ణి, కొద్ది నెలల శిక్ష పడినవాణ్ణి ఉంచేది కౌంటీ జైలు. దాన్ని నడిపేది షెరీఫ్. మన దగ్గర ఎస్పీ రాత్రికి రాత్రి బదిలీ కావచ్చు. టెక్సాస్‌లో షెరీఫ్‌ను జనం నాలుగేళ్ళకోసారి ఓటేసి ఎన్నుకుంటారు. అలాంటి కౌంటీలు ఆ ఒక్క రాష్ట్రంలోనే 254 ఉన్నాయి. ఎవరి జైలు వాళ్ళది, ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్ళది, ఎవరి అలవాటు వాళ్ళది. దేశంలోని కౌంటీ జైళ్ళన్నిటినీ కలిపి ఒక్కచోట చూపించే ప్రభుత్వ జాబితా ఎక్కడా లేదు. ఉన్నట్టు ప్రకటించుకుని డబ్బు అడిగే సైట్లు మాత్రం బోలెడు. వాటి సమాచారం పాతది, షెరీఫ్ సైటు ఉచితం. కార్డు నంబరు అడిగిన మరుక్షణం ఆ పేజీ మూసేయండి.

వేళ కూడా చూసుకోవాలి. మీరు శనివారం ఉదయం తొమ్మిదింటికి వెతికారు. వేసవి గడియారం ప్రకారం ఫ్రిస్కోలో అప్పటికి ఇంకా శుక్రవారం రాత్రి పదిన్నర. కుర్రాణ్ణి పట్టుకుని బహుశా గంటో రెండు గంటలో అయి ఉంటుంది. నగర పోలీసులు పట్టుకుంటే చాలాచోట్ల ముందు తమ దగ్గరున్న చిన్న లాకప్పులో ఉంచుతారు. కౌంటీ జైలుకు మార్చేది ఆ తర్వాత. అక్కడ ఫొటో, వేలిముద్రలు, ఆరోగ్యం గురించి ప్రశ్నలు, జేబులో వస్తువుల లెక్క, ఇవన్నీ కలిపి బుకింగ్ అంటారు. శుక్ర, శని రాత్రుల్లో ఆ వరుస మన తిరుపతి క్యూను తలపిస్తుంది. బుకింగ్ ముగిసేదాకా కౌంటీ జాబితాలో పేరు ఎక్కదు. అరెస్టయిన 48 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని టెక్సాస్ చట్టం చెబుతోంది. బెయిలు మొత్తం అప్పుడే తేలుతుంది. ఈ మధ్యలో ఫ్రిస్కో పోలీసుల అత్యవసరం కాని నంబరుకు ఫోను చేసి అడగడమే దారి.

గదిలోని కుర్రాణ్ణి మళ్ళీ పిలిచి నిదానంగా ఈ వివరాలు రాబట్టండి. ఏ రోడ్డు మీద ఆపారు? పోలీసు కారు మీద ఊరి పేరు ఉందా, షెరీఫ్ అని ఉందా, రాష్ట్ర గస్తీ దళమా? మీవాడి కారు ఇప్పుడు ఎక్కడుంది? ఈ చివరి ప్రశ్న ఎవరికీ తట్టదు కానీ నాకు చాలాసార్లు పనికొచ్చింది. డ్రైవరును అరెస్టు చేస్తే కారును లాగించేస్తారు. నంబరు ప్లేటు చెబితే ఏ పోలీసులు లాగించారో, ఏ యార్డులో పెట్టారో తెలుస్తుంది. కారు జాడ దొరికిందంటే మనిషి జాడ దొరికినట్టే.

ఇక పేరు. ఇక్కడే మనవాళ్ళు అందరికంటే ఎక్కువ దెబ్బతింటారు. అమెరికా జాబితాలకు కావలసింది చివరి పేరు, అంటే ఇంటిపేరు. మన ఇంటిపేరు ముందుంటుంది. పాస్‌పోర్టులో ఎవరెలా రాయించుకున్నారో వాళ్ళకే గుర్తుండదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరంతా రెండో గడిలో ఉంటే, అమెరికా వీసాలో ఆ పేరంతా ఇంటిపేరు గడిలోకి జరిగి, అసలు పేరు ఉండాల్సిన చోట "ఎఫ్‌ఎన్‌యూ" అని మూడు అక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. కొందరి డ్రైవింగ్ లైసెన్సులోకి, అక్కడినుంచి జైలు రికార్డులోకి అదే ప్రయాణం చేస్తుంది. వెంకట సాయికృష్ణ అనే కుర్రాడు జైలు జాబితాలో ఎఫ్‌ఎన్‌యూ పేరుతో నమోదై ఉంటే వాళ్ళమ్మకు ఎలా తెలుస్తుంది?

స్పెల్లింగు ఇంకో తలనొప్పి. లక్ష్మిలో ఎక్స్ పెట్టేవాళ్ళు కొందరు, కేఎస్‌హెచ్ పెట్టేవాళ్ళు కొందరు. శ్రీనివాస్‌కు ఒక ఐ చాలనుకునేవాళ్ళు, రెండు ఈలు కావాలనుకునేవాళ్ళు. చౌదరిని ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కపెట్టడం నేను మానేశాను. అందుకని పూర్తి పేరు కొట్టకండి. చాలా సైట్లు మొదటి మూడు నాలుగు అక్షరాలు ఇస్తే దానితో మొదలయ్యే పేర్లన్నీ చూపిస్తాయి. ఇంటిపేరు గడిలో ఒకసారి ఇంటిపేరు, ఒకసారి అసలు పేరు, ఒకసారి "వెంకట" లాంటి మధ్య ముక్క పెట్టి చూడండి. పుట్టినతేదీ అడిగితే పదో తరగతి సర్టిఫికెట్టులో ఉన్నదే ఇవ్వండి, అక్కయ్యగారు పుట్టినరోజు పాయసం వండే తేదీ కాదు. పైగా అక్కడ నెల ముందు, రోజు తర్వాత.

నేనూ ఈ గోతిలో పడ్డవాణ్ణే. చాలా ఏళ్ళ కిందట ఒక కౌంటీలో, పేరు చెప్పను, ఒక తండ్రికి "మీ అబ్బాయి ఇక్కడ లేడండీ" అని పూర్తి నమ్మకంతో చెప్పాను. కౌంటర్లో ఉన్న గుమాస్తా కూడా అదే చెప్పాడు. ఆ రాత్రంతా ఆ పెద్దమనిషి ఆస్పత్రులకు ఫోన్లు చేస్తూ గడిపాడు. కుర్రాడు అదే భవనంలో, మాకు మూడు అంతస్తుల పైన ఉన్నాడు. బుకింగ్‌లో పేరు, ఇంటిపేరు తారుమారు చేసి రాసుకున్నారు. గుమాస్తా నేను చెప్పినట్టే కొట్టి చూశాడు, తప్పు నాది. అప్పటినుంచి కౌంటర్లో పేరు నోటితో చెప్పను. పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా పేజీ ఫొటోలు చేతిలో పెట్టుకుని వెళ్తాను. మీరూ ఆ రెండు ఫొటోలు గదిలోని కుర్రాడికి ఇప్పుడే పంపించండి.

పేరు దొరికాక కనబడేవి: ఆరోపణ, బెయిలు మొత్తం, బుకింగ్ సంఖ్య. ముందు ఆ సంఖ్య రాసుకోండి. ఇకమీదట జైల్లో ఎవరిని ఏది అడిగినా దానితోనే పని. పేరుతో పడిన అవస్థ అక్కడితో తీరుతుంది. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో అయితే మనిషికో శాశ్వత సంఖ్య ఉంటుంది, దాన్ని ఎస్‌పీఎన్ అంటారు. బెయిలు గడి ఖాళీగా ఉంటే కంగారు పడకండి, మేజిస్ట్రేటు ఇంకా చూడలేదని అర్థం. ఆరోపణ పక్కన "హోల్డ్" (వేరేవాళ్ళు అడిగారు, వదలవద్దు అని) అనే మాట కనబడితే మాత్రం బెయిలు కట్టేముందు లాయరుతో మాట్లాడి తీరాలి. ఇంకో కౌంటీ వారంటు కావచ్చు, ఇమ్మిగ్రేషన్ శాఖ అడిగి పెట్టించినదీ కావచ్చు. రెండోదయితే ఇక్కడ బెయిలు కట్టగానే కుర్రాడు ఇంటికి రాకుండా వాళ్ళ చేతికి వెళ్ళవచ్చు.

సైటులో దొరక్కపోతే జైలు సమాచార విభాగానికి ఫోను చేయండి. మీరు తండ్రో మామయ్యో అని నిరూపించుకోవలసిన పని లేదు. అరెస్టయిన మనిషికి సంబంధించిన ప్రాథమిక వివరాలు టెక్సాస్ ప్రజాసమాచార చట్టం కింద ఎవరడిగినా ఇవ్వవలసినవే. అందుకని బతిమాలే గొంతు వద్దు, దబాయింపు అంతకన్నా వద్దు. కస్టడీలో ఉన్నాడా, ఏ ఆరోపణ, బెయిలు ఎంత, తర్వాతి హాజరు ఎప్పుడు, అంతవరకే అడగండి. "మా వాడు అన్నం తిన్నాడా" అనే ప్రశ్నకు జవాబు రాదు. అతనికి మందులు అవసరమైతే మాత్రం గట్టిగా చెప్పండి, మధుమేహమో ఉబ్బసమో ఉందని జైలు వైద్య విభాగానికి తెలియజేయమనండి.

ఇక్కడ చదువుకున్నవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. 1966 నాటి కేంద్ర సమాచార స్వేచ్ఛ చట్టాన్ని ఉటంకిస్తూ షెరీఫ్‌కు పెద్ద ఉత్తరం రాస్తారు. ఆ చట్టం కేంద్ర ప్రభుత్వ శాఖలకే వర్తిస్తుంది, కౌంటీకి కాదు. కౌంటీకి రాష్ట్ర చట్టమే. దాని కింద రాతపూర్వకంగా అడిగినా పది పనిదినాల దాకా సమయం పట్టవచ్చు. ఇవాళ మనిషి ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి ఉత్తరం పనికిరాదు, ఫోనే పనికొస్తుంది.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అయితే అలమీడా కౌంటీ, సన్నీవేల్, కూపర్టినో అయితే శాంటా క్లారా కౌంటీ. అరెస్టయినవాడి పూర్తి పేరు, పట్టుకున్న సమయం, చోటు, ఆరోపణలు, బెయిలు, ఎక్కడ ఉంచారన్నది చెప్పాలని అక్కడి చట్టమే వరుసగా పేర్కొంది. న్యూజెర్సీలో ఎడిసన్ అయితే మిడిల్‌సెక్స్ కౌంటీ, 2017 నుంచి అక్కడ నగదు బెయిలు దాదాపు లేదు కాబట్టి ఎవరైనా ఫోను చేసి బెయిలు డబ్బు పంపమంటే అనుమానించండి. ఇలినాయ్‌లో 2023 సెప్టెంబరు నుంచి నగదు బెయిలు పూర్తిగా ఎత్తేశారు. కనెక్టికట్, డెలావేర్ లాంటి కొన్ని చిన్న రాష్ట్రాల్లో కౌంటీ జైళ్ళే లేవు, అంతా రాష్ట్ర శాఖే చూస్తుంది. న్యూయార్క్ నగరంలో నగరానికే సొంత జైళ్ళ శాఖ ఉంది. మామూలుగా మైనర్ల పేర్లు బహిరంగ జాబితాలో పెట్టరు. కానీ టెక్సాస్‌లో క్రిమినల్ కేసుకు పదిహేడేళ్ళవాడు పెద్దవాడి కిందే లెక్క. ఇంటర్ చదివే పిల్లలున్న తల్లిదండ్రులకు ఇది తెలియదు.

రెండు కౌంటీల్లో, అన్ని రకాల స్పెల్లింగులతో వెతికినా, రెండు రోజులు దాటినా జాడ లేకపోతే ఇమ్మిగ్రేషన్ శాఖ పట్టుకుని ఉండవచ్చు. ఇక్కడ కౌంటీ రికార్డుల దారి మూసుకుపోతుంది, ఎందుకో చాలామంది లాయర్లకే తెలియదు. ఇమ్మిగ్రేషన్ శాఖ తన ఖైదీలను చాలాచోట్ల కౌంటీ జైళ్ళలోనే అద్దెకు ఉంచుతుంది. అయితే అలాంటి ఖైదీల పేర్లు ఆ జైలు బయటపెట్టకూడదని 2002లో కేంద్రం ఒక నిబంధన తెచ్చింది. అంటే మనిషి ఆ కౌంటీ జైల్లోనే ఉంటాడు, కౌంటీ జాబితాలో ఉండడు, గుమాస్తా చెప్పడు. 2019 జనవరి చివర్లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ పేరుతో ప్రభుత్వమే పెట్టిన దొంగ విశ్వవిద్యాలయం కేసులో 130 మంది విద్యార్థులను పట్టుకున్నప్పుడు, అందులో 129 మంది మన దేశంవాళ్ళు, ఎక్కువమంది తెలుగు పిల్లలు. ఆ వారం వరంగల్ నుంచీ గుంటూరు నుంచీ తల్లిదండ్రులు కౌంటీ సైట్లలో పేర్లు వెతుకుతూనే ఉన్నారు. వెతకవలసింది ఇమ్మిగ్రేషన్ శాఖవారి సొంత ఖైదీల జాబితాలో. అక్కడ రెండు దారులు: ఏ-నంబరుతో (విదేశీయులకు ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చే సంఖ్య) పాటు పుట్టిన దేశం, లేదా పూర్తి పేరుతో పాటు పుట్టిన దేశం. పేరు అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి, మూడు అక్షరాల కిటుకు ఇక్కడ పనిచేయదు. మీవాడికి చదువు తర్వాత ఉద్యోగానికి ఇచ్చే ఓపీటీ కార్డు ఉంటే దాని మీద యూఎస్‌సీఐఎస్ నంబరు అని తొమ్మిది అంకెలు ఉంటాయి, అదే ఏ-నంబరు. ఆ కార్డు ఫొటో వాళ్ళమ్మకు పంపే ఉంటాడు, పాత వాట్సాప్ సందేశాల్లో చూడండి.

కేంద్ర నేరాల కేసయితే కేంద్ర ప్రిజన్ల శాఖ సైటు వేరు, 1982 నుంచి ఉన్న ఖైదీలు అందులో కనబడతారు. కారు ఆపి పట్టుకున్న సంగతి కాబట్టి మీకు దాని అవసరం రాకపోవచ్చు.

హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్ టెక్సాస్‌ను చూసుకుంటుంది. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం అరెస్టయిన విదేశీయుడికి తన దేశ కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు ఉంది. అయితే మన దేశస్థుల విషయంలో అతను అడిగితేనే తెలియజేస్తారు, తమంతట తాము చేయరు. సిగ్గుతో చాలామంది పిల్లలు వద్దనేస్తారు. కుటుంబంగా మీరు నేరుగా కాన్సులేట్‌కు రాయవచ్చు. ఎక్కడున్నాడో కనుక్కోవడంలో సాయం చేస్తారు, లాయరు ఫీజు మాత్రం కట్టరు.

జాబితా అందరికీ కనబడుతుందంటే మోసగాళ్ళకూ కనబడుతుందనే. షెరీఫ్ ఆఫీసు నుంచి అంటూ ఫోను వస్తుంది; కేసు నంబరుతో సహా చెబుతారు. గిఫ్టు కార్డులు కొని నంబర్లు చదవమంటారు, లేదా క్రిప్టో పంపమంటారు. ఏ షెరీఫూ అలా అడగడు. ఫోను పెట్టేసి, సైటులో ఉన్న నంబరుకు మీరే తిరిగి చేయండి. మీ తరఫున బెయిలుకు పూచీ పడే బెయిలు బాండు కంపెనీవాళ్ళు టెక్సాస్‌లో మామూలుగా మొత్తంలో పదోవంతు తీసుకుంటారు, అది తిరిగి రాదు. మొత్తం నగదుగా కౌంటీకే కడితే, అన్ని వాయిదాలకూ హాజరైతే, కేసు ముగిశాక తిరిగి వస్తుంది. ఏది మేలో లాయరు చెబుతాడు.

జైలు పేజీలోని ఫొటోను బంధువుల గ్రూపులో పెట్టకండి. అరెస్టు అంటే నేరం రుజువైనట్టు కాదు. కేసు కొట్టివేస్తే తర్వాత టెక్సాస్‌లో ఆ రికార్డును చెరిపించుకునే దారి ఉంది, పెద్దమ్మ ఫోనులోని ఫొటోను చెరిపించే కోర్టు లేదు. అలాగే కుర్రాడు జైలు ఫోను నుంచి మాట్లాడినప్పుడు "అసలేం జరిగిందిరా" అని అడక్కండి. ఆ మాటలు రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడితే ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు, తెలుగు వచ్చినవాళ్ళను తెచ్చుకోవడం ప్రాసిక్యూటరుకు కష్టమేమీ కాదు. "క్షేమంగా ఉన్నావా, లాయరును పెడుతున్నాం, ఎవరితోనూ కేసు గురించి మాట్లాడకు", అంతే చాలు.

విడుదలయ్యాడా, వేరే చోటుకు మార్చారా అన్నది గంటగంటకూ సైటు తెరిచి చూడనక్కరలేదు. వైన్ అనే ఉచిత సేవ ఉంది. 1993లో కెంటకీలో మేరీ బైరన్ అనే యువతిని, బెయిలు మీద విడుదలైన మాజీ ప్రియుడు చంపేశాడు. అతను బయటికొచ్చిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఏడాదే లూయీవిల్ ఉన్న జెఫర్సన్ కౌంటీలో ఈ ఏర్పాటు మొదలైంది. బాధితుల కోసం పుట్టినదే అయినా ఎవరైనా నమోదు చేసుకోవచ్చు, ఖైదీ స్థితి మారగానే కబురు వస్తుంది. కౌంటీ అందులో చేరి ఉందో లేదో ఆ సైటులోనే తెలుస్తుంది.

ఇంకొక్కటి, ఇవాళ కాదు, కేసు ముగిసిన రోజున చేయవలసినది. విడుదలయ్యాక చాలా కౌంటీల జైలు జాబితాలోంచి పేరు మాయమవుతుంది. పాత రికార్డు కోసం అప్పుడు షెరీఫ్ దగ్గరికి కాదు, కోర్టు రికార్డులు చూసే క్లర్కు దగ్గరికి వెళ్ళాలి. టెక్సాస్‌లో మామూలుగా చిన్న నేరాల కేసులు కౌంటీ క్లర్కు దగ్గర, పెద్దవి డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర, జరిమానాతో పోయేవి నగర కోర్టులోనో జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే చిన్న స్థానిక కోర్టులోనో ఉంటాయి. కేసు ఎలా ముగిసిందో చెప్పే తీర్పు ప్రతిని ముద్ర వేయించి తీసుకోమనండి. మీవాడు ఎప్పుడో చెల్లెలి పెళ్ళికి ఇండియా వచ్చి వీసా స్టాంపింగ్‌కు హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌కు వెళ్తే, అక్కడ ముందు అడిగేది ఆ కాగితమే. ఇండియా వచ్చాక దాన్ని తెప్పించుకోవాలంటే ఫ్రిస్కోలో ఇంకో స్నేహితుణ్ణి వెతుక్కోవాలి. అందుకని రెండు ప్రతులు తీసుకుని, ఒకటి అక్కయ్యగారి బీరువాలో పెట్టించండి.